బండి వారిది, కాయ మనది



మామిడి కోతల కాలం వచ్చిందంటే ఊళ్ళో ఎక్కడ నలుగురు చేరినా కాపు మాట, ధర మాట తప్ప మరొకటి వినిపించదు. తేనెమంచు పురుగు గురించి, పిందె రాలుడు గురించి ఎన్నోమార్లు చెప్పుకున్నాము. నేడు మనం తోట గేటు దాటిన తర్వాతి సంగతి మాట్లాడుకుందాం. చెట్టు దిగిన కాయ దూరపు మార్కెట్టుకు చేరేదాకా మధ్యన నడిచే పనిని బయటివారికి అప్పగించేటప్పుడు రైతు ఏమేమి చూసుకోవాలి? ఇదీ ఈనాటి విషయం.

మన తాతల నాడు ఈ చిక్కు లేదు. బండి మనది, ఎడ్లు మనవి, తోలేవాడు మన ఇంటివాడు. కాయ చెడినా బాగుపడినా అంతా మన కళ్ళ ముందరే. నేడు జగిత్యాల ప్రాంతపు బంగినపల్లి కాయ చల్‌గల్ మార్కెట్టుతో ఆగడం లేదు. ఆదిలాబాదు దాటి, నాగపూరు మీదుగా, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా గుండా ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టు దాకా పోతున్నది. అంత దూరం మనం తోలుకొని పోలేము. అందువల్ల రైతు సంఘాలు ఈ పనిని ట్రాన్స్‌పోర్టు కంపెనీలకు అప్పగిస్తున్నాయి. బండి వారిది, డ్రైవరు వారివాడు, డీజిలు వారిది. కొన్ని కంపెనీలయితే పెట్టెలు, హమాలీలు, మార్కెట్టులో దింపుడు కూడా తామే చూసుకుంటామంటున్నాయి.

అప్పగించడం తప్పు కాదు. సంఘమే సొంత లారీ కొంటే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. మన మామిడి కోతలు రెండు, రెండున్నర నెలలు. తక్కిన కాలమంతా బండి చెట్టు కింద నిలబడి ఉంటుంది. నిలబడిన బండికి కూడా బ్యాంకు వాయిదా ఉంటుంది, పన్ను ఉంటుంది, బీమా ఉంటుంది, డ్రైవరు జీతం ఉంటుంది. పోయేటప్పుడు మన కాయతో పోయినా తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావలసిందే. రవాణాయే వృత్తిగా ఉన్నవారికి తిరుగు సరుకు దొరుకుతుంది, ఏడాది పొడుగునా పని ఉంటుంది. అందుకే వారికి గిట్టుబాటు అయ్యే కిరాయి మన సొంత ఖర్చు కంటె తక్కువగా పడుతుంది. కనుక పని ఇవ్వండి. అయితే ఏది ఇస్తున్నాము, ఏది ఇవ్వరాదు అన్నది తెలుసుకొని ఇవ్వండి.

పని గుత్తకు ఇవ్వడం మనకు కొత్త కాదు. చింతచెట్లు గుత్తకు ఇస్తాము. మామిడి తోటనే పూత మీద గుత్తకు ఇచ్చేవారున్నారు. గుత్తేదారు సొమ్ము కట్టి తోటను తీసుకున్నాక గాలివాన వస్తే ఆ కష్టం అతనిది. రవాణా గుత్త అటువంటిది కాదు. ఇక్కడ మనం అమ్మినది లేదు, మోయడానికి మాత్రమే ఇచ్చాము. బండి ఎక్కిన కాయ అమ్ముడయ్యేదాకా మనదే. చాలామంది ఈ రెండు గుత్తలనూ ఒకటిగా భావించి, బండి కదలగానే బరువు దిగినట్లు నిట్టూరుస్తారు. అక్కడే పొరపాటు జరుగుతున్నది.

ఈ పొరపాటు మా క్లస్టరులోనే జరిగింది. అందులో నాకూ వాటా ఉన్నది గనుక దాచకుండా చెబుతాను.

2022 మే నెల మొదటి వారం. 14 మంది రైతులు కలిసి 20 కిలోల ప్లాస్టిక్ పెట్టెలు 450 నింపారు. అంటే 9 టన్నులు. మామూలు లారీలో పంపుదామనుకుంటుంటే, శీతల వాహనంలో పంపండి, కాయ నిలుస్తుంది అని సలహా ఇచ్చినవాణ్ణి నేనే. ఒక ఏజెంటు బండి మాట్లాడాడు. మూడు రోజుల్లో ఢిల్లీలో ఉంటుందన్నాడు. అన్నాడే గాని ఎక్కడా రాయలేదు. చేతికిచ్చినది ఒక తెల్ల చీటీ. దాని మీద బండి నంబరు, కిరాయి, అడ్వాన్సు, అంతే. మధ్యాహ్నం రెండింటికి ఎండలో కోసిన కాయను కోసినట్టే ఎక్కించారు. తలుపు మూశారు. అందరం చప్పట్లు కొట్టాము.

బండి ఆరవ రోజున చేరింది. దారిలో మరమ్మతుకు ఆగిందన్నారు. తలుపు తీసేసరికి 130 పెట్టెలు పారబోయవలసి వచ్చింది. మిగిలినది వచ్చిన ధరకు పోయింది. ఏజెంటును అడిగితే, "మా బండి చల్లగానే నడిచింది, మీ కాయే ముందుగా పండింది" అన్నాడు. కాదనడానికి మా దగ్గర ఏమున్నది? ఎక్కించేటప్పుడు కాయ వేడి ఎంతో కొలవలేదు. ఎప్పటికి చేర్చాలో రాయించలేదు. సరుకు విలువ ఎంతో ఏ కాగితంలోనూ లేదు. దింపుకొన్న వ్యక్తి ఏమీ రాయకుండా సంతకం పెట్టి ఇచ్చాడు. ఇవ్వాళ, రేపు అంటూ తిరిగి తిరిగి సంక్రాంతి తర్వాత వకీలు దగ్గరకు పోతే, నోటీసు ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారు.

ఆ 14 మందిలో ఒక పెద్దాయన ఉన్నాడు. కోపపడలేదు, నన్ను ఒక్క మాట అడిగాడు. "సార్, కాయ మాదే, బండి వాళ్ళదే. మరి గీ నష్టం ఎవలది?"

ఆనాడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నదే ఈనాడు మీకు చెబుతున్నాను.

మొదట చట్టం సంగతి. రోడ్డు మీద సరుకు మోసేవారి బాధ్యతల గురించి మన దేశంలో 2007లో ఒక చట్టం చేశారు. అది 2011 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, అడిగినవారందరికీ కిరాయికి సరుకు మోయడం వృత్తిగా గలవారు రిజిస్టరు చేయించుకోవాలి. బండి ఉన్న కంపెనీ మాత్రమే కాదు, సరుకు బుక్ చేసుకొనే కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కనుక "నేను మధ్యవాణ్ణి, నాకేమి సంబంధం" అన్న మాట చెల్లదు. బేరం మాట్లాడే ముందు రిజిస్ట్రేషను నంబరు అడగండి. చెప్పడానికి నసిగేవారికి సరుకు ఇవ్వకండి.

ఈ చట్టంలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి మనం రాసి ఇచ్చేది. సరుకు ఏమిటి, ఎంత, విలువ ఎంత, ఎవరికి చేర్చాలి అన్నది అందులో ఉంటుంది. దీనిని సరుకు అప్పగింత పత్రం అనుకుందాం. రెండవది వారు మనకిచ్చే సరుకు రసీదు. లారీ ఆఫీసుల్లో బిల్టీ అంటారే, అదే. తెల్ల చీటీ బిల్టీ కాదు సుమా.

అప్పగింత పత్రంలో విలువ రాయడం ఎందుకంటారా? సరుకు పోయినా చెడినా వాహకుడు ఇచ్చే పరిహారానికి ఒక హద్దు ఉన్నది. అది మామూలుగా కిరాయికి పది రెట్లు. అయితే మనం రాసిన విలువను అది మించరాదు. కిరాయి 72,000 రూపాయలు అనుకోండి. పది రెట్లు 7,20,000. మన కాయ విలువ 3,60,000 అని రాస్తే హద్దు 3,60,000. భయపడి లక్ష అని తక్కువగా రాస్తే దక్కేది ఆ లక్ష లోపలే. కనుక ఉన్న విలువ ఉన్నట్లు రాయండి. పది రెట్ల కంటె మన సరుకు విలువ ఎక్కువగా ఉంటే, ఎక్కువ బాధ్యతకు ముందే విడిగా మాట్లాడుకొని, అదనపు సొమ్ము ఉంటే చెల్లించి రాయించుకోవాలి.

ఇక ఆలస్యం సంగతి. కాయగూరలు, పండ్ల విషయంలో ఇదే ముఖ్యం. ఇనుము ఆరు రోజులు ఆగితే ఇనుముగానే ఉంటుంది, మామిడి కాయ ఉండదు. ఎంత ఆలస్యం వరకు ఒప్పుకుంటామో ఆ పత్రంలో రాసుకొనే వీలు చట్టంలో ఉన్నది. రాసుకొన్న ఆ గడువు లోపల జరిగిన ఆలస్యానికి వాహకుని బాధ్యత కిరాయి మొత్తం దాకానే. గడువు దాటిన ఆలస్యానికి నష్టపరిహారం ఇవ్వవలసి ఉంటుంది. తప్పు తనది కాదని అతడు నిరూపించుకుంటే మాత్రం మినహాయింపు ఉన్నది. ఇప్పుడు చూడండి, "మూడు రోజుల్లో ఉంటుంది" అన్న నోటి మాటకూ, అదే మాట కాగితం మీద ఉండడానికీ ఎంత తేడా!

దావా వేయదలిస్తే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. సరుకు బుక్ చేసిన నాటి నుండి 180 రోజుల లోపల అది ఇచ్చి ఉండాలి. మా వాళ్ళకు తప్పిపోయినది ఈ గడువే. మే మొదటి వారంలో పంపిన సరుకుకు నవంబరు మొదట్లోనే అది ముగిసింది. పెద్దమనుషుల మాట మీద తిరగండి, తప్పు లేదు. కాని నోటీసు మాత్రం ముందు పంపి తిరగండి.

బీమా ఉన్నది కదా అని కొందరు అంటారు. బండికి ఉండే బీమా బండికి, దానివల్ల ఇతరులకు జరిగే నష్టానికి. లోపలి సరుకుకు కాదు. సరుకుకు దారి బీమా విడిగా తీసుకోవాలి. అది కూడా బోల్తా పడితే, నిప్పంటుకుంటే పనికి వస్తుంది గాని, ఆలస్యం వల్ల, కాయ తనంతట తాను పండి చెడడం వల్ల వచ్చే నష్టాన్ని ఇటువంటి పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. పాలసీ తీసుకొనే ముందే ఈ రెండు మాటలు అడిగి తెలుసుకోండి.

ఇంతవరకు కాగితాల సంగతి చెప్పాను. ఎంత గట్టి కాగితమైనా చెడిన కాయను బాగు చేయలేదు. కాయ చెడకుండా మన వంతు మనం చేయవలసినది ఉన్నది.

శీతల వాహనం గురించి నేను ఆనాడు చేసిన తప్పు ఇది. ఆ బండిలోని యంత్రం చల్లగా ఉన్న కాయను చల్లగా ఉంచడానికి చేసినది. ఎండలో కాగిన కాయను చల్లబరిచే శక్తి దానికి చాలదు. కుండలోని నీరు చల్లగా ఉంటుంది గదా అని అందులో ఎసరు పోస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. కనుక కాయను తెల్లవారుజామున, చల్లటి పూట కోయాలి. తొడిమ ఒక సెంటీమీటరు ఉండేలా కోసి, నీడలో తొడిమ కిందికి పెట్టి సొన కార్చాలి. దగ్గరలో శీతల గది ఉంటే, బండి ఎక్కించే ముందే అందులో 13 డిగ్రీల దాకా చల్లబరచాలి. అంతకంటె బాగా తగ్గించడం కూడా మంచిది కాదు. అతి చలికి మామిడి తోలు నల్లబడుతుంది, కాయ సరిగా పండదు. శీతల గది అందుబాటులో లేకపోతే శీతల వాహనానికి ఎక్కువ కిరాయి పోయడంలో అర్థం లేదు. గాలి ఆడే మామూలు బండిలో, రాత్రి పూట బయలుదేరేలా, దగ్గరి మార్కెట్టుకు పంపడమే మేలు.

ఏరివేత మరొకటి. పండబారిన కాయ ఇథిలీన్ అనే వాయువును ఎక్కువగా విడుస్తుంది. మూసిన బండిలో ఆ వాయువు పక్క కాయలను కూడా త్వరగా పండిస్తుంది. ఒక్క పెట్టె నిర్లక్ష్యం పది పెట్టెలకు చేటు. ఈ ఏరివేతను కంపెనీ కూలీలకు వదలకండి.

ఇక ఏ పని ఇవ్వాలి, ఏ పని ఇవ్వరాదు అన్న మాటకు వద్దాం. నేను ఇలా గుర్తు పెట్టుకున్నాను. చేత్తో చేసే పని ఇవ్వవచ్చు, కంటితో చూసే పని ఇవ్వరాదు. ఎత్తడం, మోయడం, నడపడం, దింపడం ఇవ్వండి. ఏరడం, తూయించడం, లెక్క రాయడం, ధర ఒప్పుకోవడం, సొమ్ము తీసుకోవడం మన దగ్గరే ఉంచుకోండి. మోసేవాడే తూచి, అమ్మేవాడే లెక్క చెబితే, ఇక మన సరుకు అడవిలో కాచిన వెన్నెలే.

ఎక్కించే రోజున చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పెట్టెలకు నంబర్లు వేయండి. తూకం చీటీ తీసుకోండి. నాలుగైదు పెట్టెల్లో ఒక్కొక్క కాయలో ఉష్ణమాపకం గుచ్చి లోపలి వేడి చూసి, డ్రైవరు ఎదుటనే రాసి, అతని సంతకం తీసుకోండి. బండిలోపల చల్లదనాన్ని గంట గంటకు నమోదు చేసే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి. ఒకటి పెట్టెల మధ్య ఉంచండి. తలుపు మూసి ముద్ర వేశాక ఫోనులో ఫొటో తీసుకోండి. దించుకొనే చోట మనవాడు ఒకడు ఉండాలి. లేకపోతే నమ్మకస్తునికి ముందే చెప్పి ఉంచాలి. కాయ చెడి ఉంటే, ఎన్ని పెట్టెలు చెడినవో, బండి ఏ తేదీన ఏ గంటకు వచ్చిందో రసీదు మీద రాసిన తర్వాతే సంతకం పెట్టాలి. ఏమీ రాయకుండా పెట్టిన సంతకం, సరుకు బాగా ముట్టిందని మనమే ఒప్పుకున్నట్లు. కిరాయి మొత్తం ముందుగా ఇవ్వకుండా, కొంత సరుకు ముట్టిన తర్వాత ఇచ్చేలా మాట్లాడుకోండి. ఖాళీ పెట్టెలు ఎవరు, ఎప్పటికి తిరిగి తేవాలో కూడా రాయించండి.

తక్కువ కిరాయికి ఆశపడవద్దు అని అందరూ అంటారు. ఎందుకో లెక్క చూద్దాం. 9 టన్నుల కాయ, కిలో 40 రూపాయలు అనుకుందాం. ఒకరు 63,000కు తెస్తామన్నారు, మరొకరు 72,000 అడిగారు. మొదటి బండిలో నూటికి 10 వంతులు చెడితే 900 కిలోలు, అంటే 36,000 రూపాయలు పోయినట్లు. కిరాయితో కలిపి 99,000. రెండవ బండిలో నూటికి 3 వంతులు చెడితే 270 కిలోలు, 10,800 రూపాయలు. కిరాయితో కలిపి 82,800. కిరాయిలో 9,000 మిగిలిందనుకున్నవాడు మొత్తం మీద 16,200 పోగొట్టుకున్నాడు. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. మీ ఊరి అంకెలు వేసి మీరే చూసుకోండి. కిరాయి ఎంత అని కాక, మంచిగా చేరిన కిలోకు ఎంత పడింది అని అడగడం అలవాటు చేసుకోవాలి.

తోటి విస్తరణాధికారులకు కూడా ఒక మాట. మనం విత్తనం చెప్పేటప్పుడు అది ఏ నేలకు పనికి వస్తుందో చూసి చెబుతాము. కాని కొత్త యంత్రం, కొత్త వాహనం అనేసరికి పేరు విని సలహా ఇచ్చేస్తున్నాము. నేను డిప్లొమాలో చదువుకున్నది పంట గురించి, బిల్టీ గురించి కాదు. అయినా రైతు మనల్ని అడిగినప్పుడు, నాకు తెలియదు, తెలుసుకొని చెబుతాను అనడంలో చిన్నతనం లేదు. కోతలకు నెల ముందే రైతు వేదికలో అందరినీ కూర్చోబెట్టి, ఒక నమూనా అప్పగింత పత్రాన్ని చదివి వినిపించండి. సంఘంలో చదువుకున్న యువకుణ్ణో, అమ్మాయినో ఒకరిని ఈ కాగితాలకు బాధ్యులుగా పెట్టించండి. అందరి పని అనుకున్నది ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఆ 14 మంది ఏమయ్యారని మీరు అడగవచ్చు. ఇద్దరు ఇక దూరపు మార్కెట్టు వద్దనుకొని చల్‌గల్‌లోనే అమ్ముకుంటున్నారు. వారిని తప్పు పట్టను. తక్కిన 12 మంది 2023లో మళ్ళీ పంపారు. ఈసారి రిజిస్ట్రేషను ఉన్న కంపెనీతో, పత్రం రాసుకొని, కాయను చల్లబరిచి పంపారు. మూడు బండ్లలో ఒకటి మళ్ళీ ఆలస్యమైంది. 11 పెట్టెలు చెడినవి. దించుకొన్నవాడు రసీదు మీద ఆ సంగతి రాశాడు. అదే వారం నోటీసు పోయింది. కోర్టు దాకా పోనక్కరలేకుండానే మిగిలిన కిరాయిలో ఆ సొమ్ము తగ్గించుకున్నారు. పెద్ద లాభాలు వచ్చాయని నేను చెప్పను. ఆ ఏడు ధరే అంతంత మాత్రం. కాని పెద్దాయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఈసారి జవాబు కాగితం మీద ఉన్నది.

లెక్క తేలిన రోజున ఆయన ఆ రసీదును మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు. "భూమి కాగితమొక్కటే కాగితమనుకుంటిమి సార్" అన్నాడు.

రైతు సోదరులారా, ఈ ఏడు బండి మాట్లాడేటప్పుడు కిరాయి కంటె ముందు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే అడగండి. నష్టం వస్తే ఎవరిది? దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పినవారికే మీ కాయ ఎక్కించండి.